బెజ్జం లేని తుపాకీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం నీడన చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర నేను ఉలి పట్టడం నేర్చుకున్నాను. వాళ్లు గరిటెల దగ్గర ఆగారు. నాకు మాత్రం పాతకాలం తుపాకుల పిచ్చి పట్టుకుంది. మా వసారాలో గోడకు ఐదడుగుల తుపాకీ ఒకటి వేలాడుతుంటుంది. కాఫీ తాగడానికి వచ్చినవాళ్లు కప్పు పక్కన పెట్టి దాని సంగతే అడుగుతారు. ఏళ్ల తరబడి చెప్పిన జవాబులే చెబుతున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను.

ఇది పేలుతుందా?

పేలదు. గొట్టంతో సహా మొత్తం చెక్కే. గొట్టానికి బెజ్జమే లేదు. మూతి దగ్గర కనిపించే నల్లటి గుండ్రం రంగుతో పెట్టిన చుక్క.

ఇంత కష్టపడేవాడివి నిజందే చేయొచ్చు కదా?

అందరూ అడిగేది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఆయుధాల చట్టం 1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడమే కాదు, అమ్మడం, మరమ్మతు చేయడం కూడా నేరమే. 2019లో చట్టాన్ని సవరించి ఈ నేరానికి శిక్ష పెంచారు. ఇప్పుడు తక్కువలో తక్కువ ఏడేళ్ల జైలు, ఎక్కువైతే యావజ్జీవం. "ఇది పాత రకం, మందు కూరి పేల్చేది, దీనికెందుకు లైసెన్సు" అనే వాదన చెల్లదు. ఉత్తుత్తి తుపాకీని నిజం తుపాకీగా మార్చడానికి కూడా లైసెన్సు కావాలని 6వ సెక్షన్ చెబుతోంది. నేను గొట్టానికి బెజ్జం వేయకపోవడానికి మొదటి కారణం ఇదే. సగం బెజ్జం ఉన్న గొట్టం చూసిన పోలీసుకు మిగతా సగం ఎప్పుడు వేస్తావనే అనుమానం వస్తుంది. అసలు బెజ్జమే లేకపోతే మాటే లేదు.

రెండో కారణం ప్రాణభయం. నీళ్ల పైపులతో చేసిన నాటు తుపాకులు పేల్చినవాడి చేతిలోనే పగులుతాయి. తుపాకీ గొట్టానికి వాడే ఇనుము వేరు, దాన్ని పరీక్షించే తీరు వేరు. అది ఇంట్లో కూర్చుని చేసే పని కాదు.

మూడో కారణం నా సొంతం. ఈ పనిలో నూటికి తొంభై పాళ్లు చెక్కపనే. ఆ తొంభై పాళ్లలోనే నాకు కావలసిన ఆనందమంతా ఉంది.

అమెరికాలో ఇళ్లలోనే చేసుకుంటారట కదా?

చేసుకుంటారు. అక్కడి చట్టం వేరు. 1968 నాటి వాళ్ల కేంద్ర చట్టం ముందునుంచి మందు కూరే పాత తరహా తుపాకులను చాలావరకు మామూలు తుపాకుల లెక్కలో చేర్చలేదు. రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. అక్కడ ఇది పెద్ద హాబీ. వాళ్ల జాతీయ సంఘం 1933 నుంచి ఉంది, ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో పోటీలు పెడతారు. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో 18వ శతాబ్దపు కొలిమి పద్ధతిలోనే తుపాకీ చేసి చూపించే పనిశాల ఉంది. వాళ్లు ఎక్కువగా చేసేది పెన్సిల్వేనియా పొడుగు రైఫిల్. జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి వలస వెళ్లిన పనివాళ్లు లాంకాస్టర్ ప్రాంతంలో దానికి రూపం ఇచ్చారు. సొంత దేశంలో వాళ్లు చేసిన వేట తుపాకీ పొట్టిది, లావుది. కొత్త దేశంలో గొట్టం పొడుగై, సన్నబడి, మడమకు, అంటే భుజానికి ఆనించే వెనక చెక్కకు, వంపు వచ్చింది. నేను చేసేది దాని నమూనానే. చూడ్డానికి అంత అందమైన తుపాకీ ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

మన దేశంలో కర్ణాటకలోని కొడగు వాళ్లకు మాత్రం తుపాకీ ఉంచుకునే విషయంలో ఆయుధాల చట్టం కింద ప్రత్యేక మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. మనకు అది వర్తించదు.

ఇలాంటి నిజం తుపాకీ ఎలా పనిచేస్తుంది?

మా మేనల్లుడికి చెప్పినట్టే చెబుతాను. మూతిలోంచి ముందు మందు పోస్తారు. తర్వాత సీసపు గుండును గుడ్డపేలికలో చుట్టి కడ్డీతో అడుగుదాకా దట్టిస్తారు. ఈ కడ్డీని పెద్దవాళ్లు గజం అనేవాళ్లు. గొట్టం పక్కన, వెనకవైపు, చిన్న పళ్లెం ఉంటుంది. అందులో చిటికెడు మెత్తటి మందు వేస్తారు. మీట నొక్కితే గుర్రం ముందుకు దూకుతుంది. గుర్రం అంటే చెకుముకి రాయిని నోట కరుచుకుని ఉండే భాగం. రాయి వెళ్లి నిలువుగా ఉన్న ఉక్కు రేకును గీస్తుంది. నిజానికి మండేది రాయి కాదు, అది గీరగా లేచిన ఉక్కు రజను. ఆ రవ్వలు పళ్లెంలో పడతాయి, పళ్లెంలో మంట లేస్తుంది, పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి మంట లోపలికి పాకి అసలు మందు అంటుకుంటుంది.

అంతకుముందు కాలంలో రాయికి బదులు మండే వత్తి ఉండేది. వాన పడితే వత్తి ఆరిపోయేది, రాత్రిపూట నిప్పు కనిపించి శత్రువుకు జాడ తెలిసిపోయేది. చెకుముకి వచ్చాక ఆ బాధ తగ్గింది. తర్వాత 1807లో ఫోర్సిత్ అనే స్కాట్లండ్ మతగురువు దెబ్బ తగిలితే పేలే రసాయనంతో నిప్పు పుట్టించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయనకు బాతుల వేట ఇష్టం. పళ్లెంలో మంట చూసి, గుండు చేరేలోపే పక్షులు ఎగిరిపోతుంటే ఆలోచించి కనిపెట్టాడని చెబుతారు. అలాంటి రసాయనం నింపిన చిన్న రాగి టోపీలతో పేలే తుపాకులు ఆ దారిలోనే వచ్చాయి.

మస్కెట్‌కీ రైఫిల్‌కీ తేడా ఏమిటి?

మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలో మెలిక తిరిగిన గాళ్లు, అంటే సన్నటి గాడులు, ఉంటాయి. పాత అమెరికన్ రైఫిళ్లలో నాలుగడుగుల పొడవుకు ఒక చుట్టు తిరిగే గాళ్లు మామూలు. ఆ గాళ్లను పట్టుకుని గుండు బొంగరంలా తిరుగుతూ బయటికొస్తుంది. తిరిగే బొంగరం ఒరగదు కదా, గుండూ అంతే, గురి తప్పదు. కానీ గాళ్లలోకి గుండును బిగుతుగా దట్టించాలంటే టైం పడుతుంది. నున్నటి గొట్టంలో అలవాటున్న సిపాయి నిమిషానికి మూడు సార్లు కాల్చేవాడు, రైఫిల్‌తో ఒక్కసారి కాలిస్తే గొప్ప. అందుకే సైన్యాలు చాలాకాలం మస్కెట్‌నే నమ్ముకున్నాయి. 1840ల చివర్లో మీనియే అనే ఫ్రెంచి సైనికాధికారి అడుగు గుంతగా ఉండే గుండు తయారుచేశాడు. మందు పేలగానే ఆ గుంత విచ్చుకుని గాళ్లను పట్టుకుంటుంది. అలా రైఫిల్ తొందరగా నింపుకోవచ్చని తేలాక మస్కెట్ పనైపోయింది.

మన ప్రాంతానికీ వీటికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఉదయగిరి దుర్గాన్ని 1514లో గెలుచుకున్నాడు. ముట్టడి ఏడాదికి పైగా సాగింది. ఆరేళ్ల తర్వాత, 1520లో, ఆయన రాయచూరు కోట ముట్టడిస్తే క్రిష్టోవావ్ ద ఫిగరేదో అనే పోర్చుగీసువాడు తన తుపాకులవాళ్లతో వచ్చి గోడమీది కాపలావాళ్లను గురిచూసి పడగొట్టాడు. అవి వత్తి తుపాకులు.

ఇంకా దగ్గరిది కావాలంటే గిద్దలూరు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాక కంపెనీ సైన్యంతో గిద్దలూరు దగ్గర తలపడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆ రోజుల్లో రెండు పక్షాల చేతుల్లోనూ ఉన్నవి ఇలా ముందునుంచి మందు కూరేవే. నేను ఈ పనిలోకి దిగింది కూడా అక్కడినుంచే. మా ఊళ్లో కుర్రాళ్లు నరసింహారెడ్డి నాటకం వేస్తూ కంపెనీ సిపాయిల చేతికి ప్లాస్టిక్ మెషిన్‌గన్లు ఇచ్చారు. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆ వారమే చెక్క కొన్నాను.

1857 తిరుగుబాటుకు నిప్పంటించిందని చెప్పే కొవ్వు పూసిన తూటాలు కూడా ఇలాంటి తుపాకీవే. ఎన్‌ఫీల్డ్ 1853 రైఫిల్. తూటా కాగితాన్ని పంటితో కొరికి మందును మూతిలో పోయాలి. అది ముందునుంచి నింపే తుపాకీ కాకపోయుంటే పంటితో కొరికే అవసరమే లేదు.

నిజమైనవి ఎక్కడ చూడొచ్చు?

నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉండొచ్చు. సెయింట్ జార్జి కోట మ్యూజియం కూడా చూడండి. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది. అద్దం అవతల ఉన్నా మడమ వంపు, లాక్ (గుర్రం, పళ్లెం బిగించి ఉండే పక్క పలక) ఎంత లోతుగా కూర్చుందో గమనించి నోట్‌బుక్కులో బొమ్మ గీసుకోండి. ఫోటోలో వంపు దొరకదు, గీస్తేనే చేతికి తెలుస్తుంది.

ఏ చెక్క వాడాలి?

అమెరికావాళ్లు చారల మేపుల్ వాడతారు, ఇంగ్లండ్, యూరప్‌లలో వాల్‌నట్. మనకు దిరిసెన ఉంది. కలప వ్యాపారులు దీన్నే ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్ అంటారంటే చూడండి. గోధుమ రంగు, మధ్యలో ముదురు చారలు, ఉలికి లొంగుతుంది. నా మొదటి ఎంపిక ఇదే. టేకు మంచిదే కానీ ఖరీదు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే ద్వారబంధాల టేకు దొరికితే వదలొద్దు, అంతకంటే బాగా ఆరిన చెక్క దొరకదు. నల్లతుమ్మ గట్టిది, చేతులు బొబ్బలెక్కుతాయి. మామిడి మెత్తన, పురుగు పడుతుంది. నేర్చుకోవడానికైతే చాలు.

లాక్‌లోని చిన్న ముక్కలకు బిక్కి చెక్క. తెల్లగా, రేణువు కనపడనంత మెత్తగా ఉంటుంది. ఉదయగిరి గరిటెల పనివాళ్లు నర్ది, కలివి, బిక్కి చెక్కలు వాడతారు. వాళ్ల పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాళ్ల దగ్గర మిగిలిన తుంట అడిగితే ఇస్తారు.

చెక్క కొనేటప్పుడు ఒక్కటి మాత్రం చూడండి. తుపాకీలో మడమకూ లాక్‌కూ నడుమ సన్నటి మెడ ఉంటుంది, చేత్తో పట్టుకునే చోటు. చెక్క ఈనె ఆ మెడ వెంబడే సాగాలి, అడ్డంగా కోసుకుపోకూడదు. అడ్డంగా వచ్చిందా, ఎప్పుడో ఒకరోజు అక్కడే విరుగుతుంది. నాది మొదటిది విరిగింది. నెలల తరబడి చేసిన పని, గోడమీంచి తీస్తుంటే టప్‌మంది.

ఎర్రచందనంతో చేస్తే అదిరిపోతుంది కదన్నా?

ఆ మాట బయట అనకు తమ్ముడూ.

ఒకసారి దిరిసెన పలక బైకుకు కట్టుకుని వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపారు. సంచిలో సగం చెక్కిన తుపాకీ మడమ కూడా ఉంది. టెన్షన్‌తో నాకు గొంతు ఎండిపోయింది. వాళ్లు మడమ వైపు చూడనైనా చూడలేదు. "ఈ చెక్క ఏం చెక్క? యాడిది?" అని పలకను గోటితో గీకి, వాసన చూసి, రసీదు అడిగారు. తుపాకీ కంటే చెక్కకే ఎక్కువ భయపడాల్సిన జిల్లా మనది. రసీదు ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.

పనిముట్లు ఏం కావాలి?

రంపం, బాడిస, చిత్రిక, నాలుగైదు ఉలులు, వాటిలో ఒకటి గోరులా వంపు తిరిగింది, ఆకురాయి, గరుకు కాగితం, రెండు క్లాంపులు. మిషన్లు అక్కర్లేదు. ఉలికి పదును లేకపోతే మాత్రం పని మొదలుపెట్టొద్దు. తెగే గాయాలు పదునైన ఉలితో కాదు, బలం పెట్టి తోసే మొద్దు ఉలితో అవుతాయి.

కొలతలు చెప్పండి.

మొత్తం పొడవు దాదాపు 58 అంగుళాలు, అందులో గొట్టం 42. మడమ చివర నుంచి మీట దాకా 13న్నర అంగుళాలు. మీరు పొట్టి అయితే 13 చాలు. మోచేయి వంచి మడమను మోచేతి లోపలికి ఆనించి, చూపుడువేలు మీటకు అందుతుందో లేదో చూసుకోండి. దర్జీ కొలతలాంటిదే, మనిషిని బట్టి మారుతుంది. పలక రెండుంపావు అంగుళాల మందం, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటే వంపులన్నీ ఇముడుతాయి.

గొట్టం ఎనిమిది పలకలుగా ఎలా వస్తుంది?

కంటితో కొలిచి తీస్తే రాదు, నేను చెడగొట్టి చెబుతున్నాను. ముందు 25 మి.మీ. చదరపు కడ్డీ తీయండి. ప్రతి ముఖం మీద రెండు అంచుల నుంచీ 7.3 మి.మీ. దగ్గర గీతలు గీయండి. పక్కపక్క ముఖాల మీది గీతల నడుమ ఉన్న మూలను చిత్రికతో తీసేస్తే ఎనిమిది సమాన పలకలు వస్తాయి. లెక్కలు అక్కర్లేకపోతే అడ్డంగా పదిహేడు భాగాలు చేసి ఐదు, ఏడు, ఐదుగా గుర్తు పెట్టుకోండి, అదే వస్తుంది. మూతివైపు కాస్త సన్నం చేస్తే పాతకాలపు తీరు వస్తుంది.

తర్వాతిది అసలు పని, గొట్టాన్ని మడమ చెక్కలో సగం దాకా దిగేసి కూర్చోబెట్టడం. వెంట్రుక దూరే సందు ఉండకూడదు. దీనికి ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే ఉపాయం, మసి. అమెరికావాళ్లు డబ్బాలో అమ్మేది కొంటారు. నేను మా అమ్మ కాటుక వాడతాను. ఆముదం దీపం మసి, చుక్క నూనె. గొట్టం అడుగుకు పూసి, గాడిలో నొక్కి తీస్తే ఎక్కడ తగులుతోందో అక్కడ చెక్కకు నల్లగా అంటుతుంది. ఆ నలుపు వరకే ఉలితో గీకి తీయాలి. మళ్లీ పూయాలి, మళ్లీ నొక్కాలి. యాభై సార్లు, వంద సార్లు. మొదట గాడిలో ఒకటి రెండు చోట్లే నల్లబడుతుంది. చివరికి గాడి అంతా ఒకే రంగు తేలుతుంది. ఆ సాయంత్రం మా ఆవిడ "ఏంది, లాటరీ తగిలిందా" అంది. చేతులు, ముక్కు, బనియన్ అంతా కాటుకే.

లాక్ నిజంగా కదులుతుందా?

గుర్రం ఇత్తడి మర మీద ముందుకీ వెనక్కీ తిరుగుతుంది, అంతే. స్ప్రింగు లేదు, రాయి కూడా చెక్కదే. లాక్ పలక అయిదున్నర అంగుళాల పొడవు, చివర చేప తోకలా సన్నబడాలి. ఆ తోక మొద్దుగా వస్తే మొత్తం తుపాకీ బొమ్మలా కనిపిస్తుంది. ఇనుములా మెరవాలంటే నల్లరంగు వేసి, ఆరాక పెన్సిల్ సీసం పొడిని గుడ్డతో రుద్దండి. చూసినవాళ్లు గోటితో కొట్టి చూసి గానీ నమ్మరు.

రంగు, పాలిష్ సంగతి?

అమెరికావాళ్లు ఆమ్లంలో ఇనుము కరిగించి పూసి మేపుల్ చారలను పైకి తెస్తారు. ఆ ఆమ్లం మనకొద్దు, ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. ఇనుముతోనే చేసే పని మన పక్కనే, శ్రీకాళహస్తి కలంకారీలో ఉంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు మురగనిస్తే కసిమి తయారవుతుంది. ముందు చెక్కకు కరక్కాయ నీళ్లు పూసి ఆరనివ్వండి. పైన కసిమి పూస్తే కళ్లముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరుకూ ఇనుముకూ మధ్య జరిగే సంగతి అది. నీళ్లు కలిపి పలచగా పూస్తే వందేళ్ల వయసున్న గోధుమ రంగు వస్తుంది. ముందు తుంట మీద చూసుకోండి. వాసన మాత్రం భరించాలి, కుండ పెరట్లో పెట్టండి.

ఆరాక అవిసె నూనె, పలచగా, రోజుకొక పూత. ఇక్కడ గట్టిగా చెప్పాల్సినది ఒకటుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి. ఈ తుపాకీలో నిప్పు పుట్టే అవకాశం ఉన్నది అక్కడ ఒక్కచోటే.

ఎంత కాలం, ఎంత ఖర్చు?

నాకు ఆదివారాలు మాత్రమే కుదురుతాయి కాబట్టి ఒక్కోదానికి ఏడెనిమిది నెలలు. చెక్క, ఇత్తడి రేకు, మరలు, నూనె కలిపి రెండో తుపాకీకి నాలుగు వేల లోపే అయింది. ఉలులు అప్పటికే ఉన్నాయి. ఎండాకాలం గొట్టం పని పెట్టుకోకండి, కత్తెర ఎండకు చెక్క బిగుసుకుంటుంది, కార్తీకం వానలకు మళ్లీ ఉబ్బుతుంది. పచ్చి చెక్క అయితే అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలి.

బస్సులో తీసుకెళ్లొచ్చా?

గోనెపట్టాలో చుట్టి, మూతి వైపు ఎర్ర రిబ్బను కట్టి తీసుకెళ్లండి. చేత్తో పట్టుకుని వీధిలో నడవొద్దు. దూరం నుంచి చూసేవాడికి అది చెక్కని తెలియదు, తెలియాల్సిన అవసరం అతనికి లేదు. నాటకానికి తీసుకెళ్లేముందు స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచితే మంచిది. ఎన్నికల రోజుల్లో అసలు బయటికి తీయను. లైసెన్సున్న తుపాకులే స్టేషన్‌లో అప్పగించే రోజులవి.

చేలో అడవి పందులు. నాకు నిజంది ఒకటి చేసిపెట్టవా?

చేయను. బాధ నాకు తెలుసు, మా శనగ కూడా తొక్కాయి. నష్టపరిహారం కోసం అటవీశాఖకు అర్జీ పెట్టుకో, నేను రాసిపెడతాను.

అటక మీద మా తాతగారి పాత తుపాకీ దొరికింది. తుడిచి గోడకు పెట్టుకోనా?

ముందు దాన్ని ముట్టుకోకండి. పాత తుపాకులు మందు కూరిన స్థితిలోనే అటకెక్కడం చాలా మామూలు. పొడిగా ఉంటే ఆ మందు ఎన్ని దశాబ్దాలైనా చావదు. మూతి ఎవరివైపూ లేకుండా చూసి, పిల్లల్ని బయటికి పంపి, స్టేషన్‌కు ఫోన్ చేయండి. బాగుచేసినా పేలనంత పాతవాటిని చట్టం 45వ సెక్షన్ కింద వదిలేస్తుంది. కానీ అది పేలేదో కాదో తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు.

ఒకాయన ఇలాగే అప్పగించి వచ్చి, ఖాళీ అయిన మేకు చూడలేకపోతున్నానని నా దగ్గరికొచ్చాడు. తాతగారి తుపాకీ ఎలా ఉండేదో గుర్తున్నంత వరకు బొమ్మ గీయమన్నాను. మడమ కింద వేలిముద్రల్లాంటి మరకలు ఉండేవట. ఇప్పుడు దిరిసెన పలక మీద ఆ గీతలే గీసి ఉన్నాయి. వచ్చే ఆదివారం రంపం పెడతాం.